ఆరో తరగతి అప్పగింత

నాకు ఫిన్లాండులో ఒక సెమిస్టరు చదివే సీటు వచ్చిందని తెలిసిన రోజు మా అమ్మ దేవుడికంటే ముందు పక్కింటామెకు చెప్పింది. నేనూ ఏం తక్కువ తినలేదు. ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో పాస్టరుగారు నా ప్రయాణం కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయిస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు గానీ నేను మూసుకోలేదు. ఎవరి మొహంలో ఎంత కుళ్ళు ఉందో చూసుకోవాలి గదా. మూడో వరసలో నా ఈడు అమ్మాయిలు ఇద్దరు కూడా కళ్ళు తెరిచే ఉన్నారు, నన్నే చూస్తున్నారు. ప్రార్థన అయిపోయేదాకా నాకు నవ్వు ఆగలేదు.

పుట్టినప్పటి నుంచి నేను కుళ్ళుకునే వైపే ఉన్నదాన్ని. మాది చెన్నై చివర మనలి. నాన్నకు రిఫైనరీలో కాంట్రాక్టు పని. మా వీధిలో ఎవరింటికి కొత్త ఫ్రిజ్జు వచ్చినా, ఎవరి కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినా ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని తెలుసు. కానీ దాన్ని దాచిపెట్టి మిగతాది చెప్పడం కుదరదు. అలాంటిదాన్ని, నన్ను చూసి ఇంకొకరు కుళ్ళుకోవడం ఎంత సుఖమో ఇరవై మూడేళ్ళకు మొదటిసారి రుచి చూశాను.

ఇది రాస్తున్నప్పటికి ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులుంది. నేను బి.ఎడ్. రెండో ఏడాది, లెక్కలు. టీచర్లు కాబోయే వాళ్ళలో ఏటా ఒకరిని మా కాలేజీ జనవరిలో అక్కడి యూనివర్సిటీకి పంపుతుంది. అక్కడి బళ్ళలో కూర్చుని వాళ్ళు పాఠం ఎలా చెబుతారో చూడాలి, కొన్ని పాఠాలు మనమూ చెప్పాలి. ఫోనులో వీడియోలు చూసి చూసి నాకు ఆ బళ్ళు ముందే తెలిసినట్టు అయిపోయింది. పిల్లలు బూట్లు బయట విప్పి మేజోళ్ళతో క్లాసులోకి వస్తారట. మధ్యమధ్యలో మంచులోకి ఆడుకోడానికి వదులుతారట. టీచరు గొంతు పెంచదట. ఈ చివరిదే నన్ను ఎక్కువ ఊరించింది. మా బళ్ళో గొంతు పెంచకపోతే ముందు బెంచీకి కూడా వినపడదు.

మా బడి అంటే, మమ్మల్ని ట్రైనింగుకు వేసిన ఎన్నూరు బడి. తెలుగు సెక్షను ఇంకా మూతపడని కొద్ది బళ్ళలో అదొకటి. హార్బరు లారీలు రోజంతా ఆ రోడ్డు మీదే పోతాయి. కిటికీలు తెరిస్తే మోత, దుమ్ము. మూస్తే ఉక్క. పిల్లలందరూ చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ నుంచి, హార్బరు కూలీల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. పుస్తకంలో తెలుగు, ఆటలో తమిళం. నేనూ అలాగే పెరిగాను కాబట్టి మొదటి రోజే నాకు ఆ క్లాసు సొంత ఇల్లులా అనిపించింది.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది. ప్రతి బడికీ ఇద్దరిని జంటగా వేస్తారు. ఒకరు పాఠం చెబుతుంటే ఇంకొకరు వెనక బెంచీలో కూర్చుని పరిశీలన పుస్తకం రాయాలి. పాఠం ఎలా మొదలుపెట్టింది, బోర్డు ఎలా వాడింది, ఎంతమంది పిల్లలు పాల్గొన్నారు, అన్నిటికీ గడులుంటాయి. వెనక కూర్చున్న మనిషి నోరు తెరవకూడదు. పాఠం చెప్పే మనిషి ఏడును ఎనిమిదని రాసినా సరే, మనం పుస్తకంలో రాయాలి తప్ప పైకి అనకూడదు. జూన్‌లో బళ్ళు తెరిచినప్పటి నుంచి నేనూ నా జంటా అలా ఒకరి పాఠాలు ఒకరు రాసుకుంటూ వచ్చాం. నాది ఆరో తరగతి, ఆమెది ఏడో తరగతి.

నా జంట నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. గుంటూరమ్మాయి. భర్త సాఫ్ట్‌వేరు ఉద్యోగం వల్ల చెన్నై వచ్చి, ఊరికి ఆ చివర ఎక్కడో కాపురం పెట్టి, రెండు రైళ్ళు మారి పొద్దున్నే ఎన్నూరుకు చేరేది. నేను అక్కా అనేదాన్ని. నన్ను చూసి పిల్లలు కూడా ఆమెను అక్క మిస్ అన్నారు. నన్ను ఉత్త మిస్ అన్నారు. దాని మీద కూడా నాకు కడుపుమంటే. ఆమె తెలుగు మీద ఇంకా ఎక్కువ. మా ఇంట్లో తెలుగు సగం తమిళంతోనే నడుస్తుంది. ఆమా, సరి, అప్పురం లేకుండా నాకు రెండు వాక్యాలు దాటవు. ఆమె ఒక్క మాట కూడా తడుముకోదు. స్కేలు లేకుండా బోర్డు మీద గీసిన గీత తిన్నగా వస్తుంది. రెండు రైళ్ళు మారి వచ్చినా చీర కుచ్చిళ్ళు నలగవు. పోనీ మనిషి చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆ సుఖం కూడా ఇవ్వలేదు.

అయినా ఆరో తరగతి నాది. అందులో ఒక అమ్మాయి ఉంది, ఎవరికీ పలికేది కాదు. పిలిస్తే చూసేది కాదు, అడిగితే జవాబు ఉండేది కాదు. పొగరని టీచర్లు తేల్చేశారు, పిల్లలూ అదే మాట పట్టుకున్నారు. జూలైలో ఒక రోజు నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఆ అమ్మాయి వచ్చి నా బల్ల పక్కన, నా ఎడమ చేతి వైపు నిలబడింది. తలెత్తకుండా ఏదో లెక్క అడిగాను. టక్కున చెప్పింది. ఇంకొకటి అడిగాను, అదీ చెప్పింది. మర్నాడు కుడి చేతి వైపు నిలబెట్టి అడిగితే బెల్లం కొట్టిన రాయే. రెండు మూడు రోజులు అటూ ఇటూ మార్చి నిలబెట్టి చూశాను. పొగరూ కాదు, సిగ్గూ కాదు. ఆ పిల్లకు ఎడమ చెవి వినపడదు.

ఎడమ పక్క గోడ వచ్చేలా సీటు మార్చాను. క్లాసంతా ఆమెకు కుడి వైపు పడింది. ప్రశ్న అడగాలంటే నేను కుడి వైపుకు వెళ్ళి అడిగేదాన్ని. ఆగస్టుకల్లా ఆ పిల్ల గలగలా మాట్లాడింది, సాయంత్రం గేటు దాకా నా వెంటే వచ్చేది. బళ్ళో మా పని చూసే లెక్కల టీచరు నోరు వెళ్ళబెట్టి, నీకు ఎట్లా పలుకుతోందని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. అక్క అడిగితే ఓపిక ఉండాలక్కా అన్నాను. ఇంతమందికి పలకని పిల్ల నాకొక్కదానికే పలుకుతోంది. ఆ రహస్యం చెప్పేస్తే రేపు అందరికీ పలుకుతుంది, ఇంక నాదేముంటుంది? కావాలనే చెప్పలేదు.

కానీ ఒక చోట రాశాను. ఫిన్లాండు సీటుకు దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం అడిగారు, మీ క్లాసులో ఒక పిల్ల గురించీ, ఆ పిల్ల దగ్గర మీరు నేర్చుకున్నదాని గురించీ. నా చేతిలో బంగారంలాంటి పిల్ల ఉంది. ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. జూలైలో ఎలా కనిపెట్టానో, సీటు ఎలా మార్చానో, అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. ఇంటర్వ్యూలో తెర మీద కనపడిన అక్కడి ప్రొఫెసరమ్మ ఆ వ్యాసం గురించే పది నిమిషాలు మాట్లాడింది. ఆ పిల్ల తల్లికి చెప్పారా అని ఆమె అడగలేదు. మా కాలేజీ వాళ్ళూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. నెల తిరక్కుండా సీటు వచ్చింది.

అక్క అసలు దరఖాస్తే పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే, "నాకు చలి పడదమ్మా," అంది. అంతే. ఈ సీటు కోసం క్లాసులో సగం మంది నిద్రలు మానుకున్నారు, ఈమెకేమో చలి పడదట. నన్ను చూసి ఎవరు కుళ్ళుకున్నా కుళ్ళుకోకపోయినా ఈ ఒక్క మనిషి కుళ్ళుకుంటే చాలని నాకుండేది. అందుకే చలికోటు కొనడానికి టి. నగర్‌కు ఆమెనే తోడు రమ్మన్నాను.

నవంబరు వానలు అప్పుడే తెరిపిచ్చాయి, ఉక్కపోత మాత్రం అలాగే ఉంది. పాండీ బజారులో ఒక కొట్టు అటక మీద నుంచి బరువైన కోట్లు దించారు. కొట్టతను ఊటీకా, కొడైకెనాలుకా అని తమిళంలో అడిగాడు. నేను ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు ఫిన్లాండు అన్నాను. అతను ఇంకా మందంది తీశాడు. వేసుకుని బొత్తాలు పెట్టుకునేసరికి చెమట కాళ్ళ దాకా కారింది. అక్క నా చుట్టూ తిరిగి భుజాలు సరిచూసి, చేతులు పొట్టయ్యాయని ఇంకొకటి తీయించి, లోపల ఉన్ని చొక్కా వేసుకుంటే బిగుతవుతుందేమోనని మళ్ళీ మార్పించింది. అద్దంలో నా మొహం కంటే ఆమె మొహాన్నే ఎక్కువ చూశాను. మచ్చుకైనా కుళ్ళు లేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో, నేను లేనప్పుడు ఆరో తరగతికి ఏ పాఠం ఎక్కడ దాకా అయ్యిందో చెప్పమని చిన్న పుస్తకం తీసింది. ఆ కోటు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకు ఉన్నట్టుండి దిగులేసింది. కొత్త బడి కోసం నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను, ఈమె నా క్లాసు కోసం లెక్కపెట్టుకుంటోంది.

వెళ్ళే మనిషి జంటకు క్లాసు అప్పగించడానికి రెండు వారాలిస్తారు. ఆ రెండు వారాలూ నా పిల్లలకు ఆమె పాఠం చెప్పాలి, నేను వెనక బెంచీలో కూర్చుని రాయాలి. దానికి ముందు అప్పగింత కాగితం ఒకటి ఇవ్వాలి, ఒక్కో పిల్ల గురించి నాలుగైదు మాటలు. ఒకడికి భాగహారం అంటే భయమని రాశాను. ఒకమ్మాయి పొద్దున తినకుండా వస్తుందని రాశాను. ముప్ఫై మందికీ ఉపయోగపడేదే రాశాను. ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి "నిదానంగా పలుకుతుంది, ఓపిక అవసరం" అని రాసి సంతకం పెట్టాను. మరిచిపోయి కాదు. ఈ ఒక్క పిల్లయినా అక్కకు లొంగకూడదని.

మొదటి రోజు భిన్నాలు. నేనైతే చార్టు గీసి వేలాడదీసేదాన్ని. ఆమె ఇంటి నుంచి పెద్ద అప్పడాలు వేయించి డబ్బా నిండా తెచ్చింది. బెంచీలు పక్కకు జరిపించి పిల్లల్ని నలుగురు నలుగురిగా నేల మీద కూర్చోబెట్టి, ఒక్కో గుంపుకు ఒక అప్పడం ఇచ్చి నాలుగు సమభాగాలు చేయమంది. అప్పడం సమంగా ఎక్కడ విరుగుతుంది? నాది చిన్నదంటే నాది చిన్నదని ఒకటే గోల. అప్పుడు ఆమె, మరి దీన్ని పావు అనొచ్చా, ఎందుకు అనకూడదు అని అడుగుతూ గుంపుల మధ్య తిరిగింది. నేను నెల రోజులు నేర్పిన పాఠం ముప్పావు గంటలో వాళ్ళ నోళ్ళలోకి వెళ్ళిపోయింది. నన్ను చూసి ఎప్పుడూ అంత నవ్వలేదు వాళ్ళు. పుస్తకంలో "బోధనోపకరణం బాగుంది" అని రాస్తుంటే చెయ్యి రాలేదు.

గోడ పక్క సీటు పోయి ఆ పిల్ల గది మధ్యలో పడింది. అక్క దాని ఎడమ వైపు వంగి, నీ ముక్క ఎంత అని అడిగింది. బయట లారీ పోతోంది. పిల్ల కదల్లేదు. అక్క మళ్ళీ అడిగింది. పిల్ల పక్కవాళ్ళ పెదాలు చూసింది. దానికి పొగరు అక్క మిస్ అని ఎవడో తమిళంలో అన్నాడు, క్లాసంతా నవ్వింది. నేను పాల్గొన్న వాళ్ళ గడి దగ్గర "ఒక విద్యార్థిని పాల్గొనలేదు" అని రాశాను. సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, ఆ రోజంతటికీ నాకు సంతోషం వేసింది అప్పుడే. సరిగ్గా అప్పుడు ఆ పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసింది. వెనక కూర్చున్న మనిషి నోరు తెరవకూడదన్న నియమం ఉంది గదా, నేను తల దించుకుని పుస్తకంలోకి చూశాను. అలా మూడు రోజులు నడిచింది.

నాలుగో రోజు వీసా కోసం వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్ళి బడి మానేశాను. మర్నాడు అన్నం డబ్బా కూడా తెరవకుండా అక్క నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నిన్న బడి వదిలాక ఆ పిల్ల బెంచీలు సర్దుతుంటే తను కుడి పక్క నుంచి ఏదో అడిగిందట, చక్కగా జవాబు చెప్పిందట. ఎడమ పక్కకు వెళ్ళి అడిగితే లేదట. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ చెవిలోంచి వాసన వస్తోందట, చీము కారుతోందట. నాకు జూన్ నుంచి జూలై దాకా పట్టింది ఈమెకు నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. పైగా చీము సంగతి నేను అసలు చూడలేదు. నీకెప్పుడైనా అనుమానం వచ్చిందా అని అడిగింది. లేదక్కా అన్నాను.

ఆమె ఆ సాయంత్రమే హెడ్మిస్ట్రెస్‌కు చెప్పింది. మర్నాడు తల్లిని పిలిపించింది. రొయ్యలు ఒలిచే పనికి పోయే మనిషి ఆమె, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అక్క తనే సెలవు పెట్టి తల్లినీ పిల్లనూ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగి వచ్చి అంతా నాకు చెప్పింది. చెవిపొరకు రంధ్రం పడిందట. నాలుగైదు నెలల ముందు తెచ్చి ఉంటే చుక్కల మందుతో, నీళ్ళు పడకుండా చూసుకోవడంతో సరిపోయేదని, ఇప్పుడు ఆపరేషను తప్పదని డాక్టరు అన్నాడట. ఎవరూ గమనించకపోవడమేమిటని తల్లిని కోప్పడ్డాడట. పాపం ఆమె ఏడ్చింది అని అక్క కళ్ళు తుడుచుకుంది. నేను అయ్యో అన్నాను.

అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. వచ్చింది మళ్ళీ ఈర్ష్యే. సాయంత్రం లారీలు ఆగాక ఆ పిల్ల అక్క చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతుంటే నేను వెనక నడిచాను. తల్లి కృతజ్ఞతగా ఎండు చేపల పొట్లం ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అక్క వాళ్ళింట్లో చేప వండరు. ఆ మాట అనకుండా రెండు చేతులా తీసుకుని, రైలు స్టేషనులో నా సంచీలో పెట్టింది. ఆమెకు వచ్చిన మర్యాదను నేను మనలి దాకా మోసుకెళ్ళాను. అమ్మ పులుసు పెట్టింది. మంచి చేపలే, ఆడ దొరుకుతాయా ఇట్లాంటివి, తినిపోవే అని అమ్మ రెండుసార్లు వడ్డించింది. నేను ముళ్ళు ఏరి పళ్ళెం అంచున పెడుతూ కూర్చున్నాను.

డిసెంబరులో కాలేజీవాళ్ళు వీడ్కోలు సభ పెట్టారు. నాకు దండ వేసి వేదిక మీద కూర్చోబెట్టారు. అక్క రెండో వరసలో ఉంది. నేను మాట్లాడే వంతు రాక ముందే ప్రిన్సిపాల్ మేడమ్ ఒక కాగితాల బొత్తి తీసి, సీటు తెచ్చిన వ్యాసం ఇదే, మీరందరూ వినాలి అన్నారు. మేడమ్ ఎంత చక్కగా చదివారో చెప్పలేను. జూలై అన్న మాట దగ్గర ఆగి, ఒక్క నెలలో కనిపెట్టింది చూశారా అని మళ్ళీ చదివారు. హాలంతా చప్పట్లు. అక్క కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టింది, అందరితో పాటే ఆపింది.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆమె కోసం కాచుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె చెప్పుల పట్టీ సరిచేసుకుని లేచి నిలబడింది.

"డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పాను కదమ్మా," అంది.

తప్పయిపోయిందక్కా అన్నాను.

"నాకెందుకు చెప్పడం," అని, రైలుకు వేళయిందని వెళ్ళిపోయింది. కోపంలో కూడా ఆమె గొంతు పెరగలేదు. నేను అక్కడే నిలబడి, ఇదెందుకు నాకు చేతకాదని ఆమె మీద మళ్ళీ కుళ్ళుకున్నాను. నా బతుకు అది.

ఆపరేషను అయిన మూడో రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాను. తల్లికి నిజం చెప్పాలని బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వార్డులో తల్లి లేదు, కాఫీ తేవడానికి కిందికి పోయిందని పక్క మంచం ఆమె చెప్పింది. పిల్ల తల చుట్టూ కట్టుతో కూర్చుని ఉంది, నన్ను చూసి మొహం విప్పారింది. వెళ్ళి కుడి వైపు కూర్చున్నాను. నొప్పిగా ఉందా అంటే లేదంది. విమానం ఎప్పుడు మిస్ అని అడిగింది. చెప్పాను. కాసేపు వేళ్ళతో దుప్పటి అంచు చుట్టి, నా చెవి దగ్గరికి వంగింది.

"మిస్, అక్క మిస్ నన్ను అడిగింది. మీ మిస్‌కి తెలుసునా అని. నేను తెలీదన్నా."

ఎందుకలా చెప్పావు అన్నాను.

"మీరే గదా మిస్ చెప్పినారు, ఇది మనిద్దురికే తెలియాల, ఎవురికీ చెప్పొద్దు అని. నేను ఒక్కురికీ చెప్పలా. నొప్పొచ్చినా మా అమ్మక్కూడా చెప్పలా."

అన్నాను. జూలైలో నోటు పుస్తకాల బల్ల దగ్గర, ఆ పిల్ల తల నిమురుతూ, ముద్దుకు అన్న మాట అది. అని మరిచిపోయాను. ఆ పిల్ల నన్ను వదిలి అక్క వైపు పోయిందని నేను ఇన్ని రోజులూ లోపల్లోపల కుళ్ళి చస్తుంటే, ఆ పిల్ల చీము కారుతున్న చెవితో నా మాట కాపాడుతూ కూర్చుంది. అక్క క్లాసులో క్లాసంతా నవ్వుతున్నప్పుడు వెనక్కి తిరిగి చూసింది ఇప్పుడు చెప్పొచ్చా మిస్ అని అడగడానికి. నేను తల దించుకున్నాను. నాకు కావాలనుకున్నది, నాకొక్కదానికే దక్కాలనుకున్నది, నాకు పూర్తిగా దక్కింది.

తల్లి ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. మిస్సు ఇంత దూరం వచ్చినారే అని కంగారుపడి, కొంగుతో స్టూలు తుడిచి కూర్చోమంది. నేను కూర్చోలేదు. నీకొక సంగతి చెప్పాలమ్మా, జూలైలో అని మొదలుపెట్టాను. మంచం మీద నుంచి పిల్ల చెయ్యి చాచి, చెప్పొద్దని నా చున్నీ పట్టుకుని లాగింది.